నిమిషానికి డెబ్బై రెండు

నూకరాజు గుండె పదకొండు సెకన్లు ఆగింది. ఆపింది నేనే.

కొత్తమొగ కంప్రెసర్ స్టేషన్‌లో, కంట్రోల్ రూమ్ పక్క గదిలో, పొద్దున్న పదిన్నరకి జరిగింది. ఆయన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మరుసటి నెలలో, ఏటా చేసే మరమ్మతు కోసం కంప్రెసర్‌ని ఆపాలి. దానికి ముందు ఆయన వీపులో పెట్టిన తీగని కూడా ఆపాలి కాబట్టి, ఒకసారి ఆపి చూద్దామనుకున్నాం. చిన్న పరీక్ష.

"ఆపుతున్నానండీ రాజుగారూ."

"ఆపండి మేడంగారూ."

మీట నొక్కాను. కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. వేడి కాఫీ తొడల మీద ఒలికినా ఆయన కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తెర మీద గుండె గీత సాఫుగా సాగిపోతోంది. ఛాతీకి అంటించిన వైరు ఊడిందేమో అనుకున్నాను. లేచి వెళ్ళి వైరు చూశాను. బాగానే ఉంది. అలా వైరు చూడటంలో నేను పోగొట్టింది ఆరు సెకన్లని తర్వాత రికార్డులో చూసి తెలుసుకున్నాను. వెనక్కి పరిగెత్తి మీట మళ్ళీ నొక్కాను.

నీళ్ళలోంచి పైకి లాగిన మనిషిలా ఆయన ఒక్కసారి గాలి పీల్చుకున్నాడు.

"మిషన్ ఆగిపోయిందాండీ?" అన్నాడు.

ఆగలేదు. గోడ అవతల కంప్రెసర్ ఎప్పటిలాగే హోరుమంటోంది. ఆయన ఒళ్ళోంచి గ్లాసు తీసి, తొడలు కాలాయేమో చూశాను.

కొత్తమొగ సముద్రం ఒడ్డున, కాకినాడకి దక్షిణంగా ఉంది. బావుల నుంచి వచ్చే గ్యాసుకి అక్కడ ఒత్తిడి పెంచి పైపులైన్లోకి తోస్తారు. ఆ పనంతా ఒకే ఒక్క పెద్ద కంప్రెసర్ చేస్తుంది. నూకరాజు ఇరవై నాలుగేళ్ళుగా దాని ఆపరేటరు. నేను ఇందుమతిని, కాకినాడలో యంత్రాల అదురు మీద పరిశోధన చేసే చిన్న ప్రయోగశాల నాది.

మేము తయారుచేసింది వెంట్రుక మందం తీగ. కంప్రెసర్ బేరింగుల మీద అతికించిన పొరలు అక్కడి అదురునీ వేడినీ పసిగట్టి పంపుతాయి. వెన్నెముక పక్కన చర్మం కింద పెట్టిన తీగ వాటిని అందుకుని నరాలకి చెబుతుంది. మిషన్‌కి ఎక్కడ బాగాలేకపోయినా మనిషికి తన ఒంట్లో తెలుస్తుంది. పెట్టించుకోవడానికి ఎవరైనా ముందుకొస్తారా అని కంపెనీ అడిగినప్పుడు చెయ్యెత్తింది నూకరాజు ఒక్కడే. అంతకు రెండేళ్ళ ముందు, వేడిగా ఉన్న మిషన్ని కంగారులో ఆపి, వెంటనే ఆయిల్ పంపు కూడా ఆపేశారట. బేరింగు బిగుసుకుపోయి మంటలు లేచాయి. సూరిబాబు అని ఆయన స్నేహితుడు అందులో పోయాడు.

"దాని లోపల ఏమవుతుందో ముందే తెలిస్తే ఎవరూ పోరు కదండీ," అన్నాడు నాతో.

అది నిజమయింది కూడా. రెండో నెలలో ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ, "ఎడం భుజం కింద ఇసక రాలుతున్నట్టుందండీ," అన్నాడు. మీటర్లన్నీ బాగానే చూపిస్తున్నాయి. ఎందుకైనా మంచిదని విప్పి చూస్తే ఆయిల్ వడపోత చిరిగి, చెత్త బేరింగు దాకా వచ్చేసింది. మీటర్లు పసిగట్టేసరికి ఇంకో ఆరు గంటలు పట్టేది. ఆ రోజు స్టేషన్ అంతా ఆయనకి దండలేసింది. నేనూ చప్పట్లు కొట్టాను.

తీగని రోజూ ఆపి, రోజూ మొదలుపెడితే ఆయనకి కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. అందుకని మూడో వారం నుంచి ఆపడం మానేశాం. క్వార్టర్స్ స్టేషన్‌ని ఆనుకునే ఉన్నాయి, ఇంటి దగ్గర కూడా సంకేతం అందుతుంది. భోజనం చేస్తున్నా, నిద్రపోతున్నా మిషన్ ఆయన వీపులో నడుస్తూనే ఉండేది.

మిషన్ ఇరుసు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. ఆ హోరుని నరాలు భరించలేవు. దాన్ని నెమ్మదైన తట్లుగా మార్చి పంపాలి. నిమిషానికి ఎన్ని తట్లు అన్నది నా ఇష్టం. మనిషికి అలవాటైన లయ అయితే హాయిగా ఉంటుందని డెబ్బై రెండు ఎంచుకున్నాను. ఆ అంకె మీద నేను ఆలోచించింది రెండు నిమిషాలు కూడా ఉండదు.

ఆ అంకె సంగతి నాకంటే ముందు పట్టుకున్నది ఆయన భార్య మంగతాయారు. ఆవిడ కొత్తమొగ అంగన్‌వాడీలో టీచరు. అయిదో నెలలో ఒకరోజు పిల్లలకి భోజనాలయ్యాక నా గదికి వచ్చింది.

"ఆయనకి నిన్న జొరం వచ్చిందండీ. ఒళ్ళు కాలిపోతంది. చెయ్యేసి చూస్తే గుండె మాత్రం ఎప్పట్లాగే కొట్టుకుంటంది. జొరమొస్తే గుండె దడదడలాడాలి కదండీ?"

"మంచిదేనమ్మా, గుండె గట్టిగా ఉందన్నమాట," అన్నాను.

నేను కంప్యూటర్ వైపు తిరిగిపోయాను.

గుండె ఆగిన రోజు సాయంత్రం నేను పాత రికార్డులన్నీ తీశాను. జ్వరంలో డెబ్బై రెండు. మెట్లెక్కుతున్నప్పుడు డెబ్బై రెండు. మొదటి నెలలో ఎగుడుదిగుడుగా ఉన్న గీత, నాలుగో నెలకల్లా గీటు గీసినట్టయింది. ఊపిరి కూడా ఆ లయకే ముడిపడి ఉంది. ఇదంతా నా కంప్యూటర్‌లోనే ఉంది. మిషన్ లయ గుండె గీతలోకి చొరబడుతోందని, అది పొరపాటు సంకేతమని, దాన్ని తీసేసి చూపించమని ప్రోగ్రాం రాసింది నేనే. నాలుగు నెలలుగా ఆ మనిషి గుండె తన పని మానుకుంటోందని ఆ గీత చెబుతూనే ఉంది. నేను దాన్ని చెరిపేసి మిగిలింది చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు కాకినాడ నుంచి గుండె డాక్టరు ముస్తాక్ గారు వచ్చారు. రోగిని ఆసుపత్రికి తీసుకెళ్తానన్నారు. స్టేషన్ దాటి రెండు కిలోమీటర్లు వెళ్తే సంకేతం అందదని చెప్పాను. ఆయన తెర మీద ఊపిరి గీత దగ్గర వేలు పెట్టారు.

"పేస్‌మేకర్ పెడితే గుండె కొట్టుకుంటుంది. మరి ఊపిరి ఎవరు తీస్తారమ్మా? ఎన్నాళ్ళని వెంటిలేటర్ మీద ఉంచుతాం?"

మిషన్ లయనే రికార్డు చేసి తీగకి పంపి చూశాం. నాలుగు నిమిషాలకి గుండె తడబడింది. వేసిందే మళ్ళీ వేస్తున్నామని ఆ నరాలకి ఎలాగో తెలిసిపోతోంది. బతికున్న లయ ప్రతిసారీ కాస్త అటూ ఇటూ ఉంటుంది. వాటికి అదే కావాలి. చివరికి ఒక దారి మిగిలింది. మిషన్ని నడుస్తూనే ఉంచి, తీగ బలాన్ని వారానికి కొంచెం చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఏడాది పైగా పడుతుంది. అప్పటిదాకా మిషన్ ఆగకూడదు. మరమ్మతు వాయిదా వెయ్యడానికి కంపెనీ ఒప్పుకుంది.

ఇదంతా నూకరాజుకీ మంగతాయారుకీ వాళ్ళింట్లోనే కూర్చుని చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. "మిషన్ ఎన్నాళ్ళు ఆగకుండా నడుస్తదో నాకు తెల్సండి," అన్నాడు. మంగతాయారు నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడ చెప్పిన జ్వరం మాట నేను వినలేదని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండూ పదికి కంట్రోల్ రూమ్‌లో అలారం మోగింది.

ఇరుసు బయటికొచ్చే చోట గ్యాసు తప్పించుకోకుండా ఒక సీలు ఉంటుంది. అది పాడవుతోంది. షిఫ్టు ఇంజనీరు జాన్ వెస్లీ తెర చూపించాడు. లీకు అంకె నలభై దగ్గరుంది. వందకి చేరితే మిషన్ తనంతట తనే ఆగిపోతుంది. అలా ఆగితే ఇరుసు నిలిచిపోవడానికి నిమిషం కూడా పట్టదు.

"ఎంత టైముంది?"

"ఇలాగే పెరిగితే ఇరవై నిమిషాలండీ."

"దానంతట అది ఆగకుండా చెయ్యలేమా? ఆ రక్షణ ఏర్పాటుని పనిచెయ్యకుండా చేసే తాళం నీ దగ్గరే ఉంటుంది కదా."

అతనికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నూకరాజు చేతి కింద పని నేర్చుకుని, ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. తాళం ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇవ్వనండీ. లోపల పంతొమ్మిది మంది ఉన్నాం. గోడ అవతల ఊరుంది."

"ఆయన చచ్చిపోతాడు వెస్లీ."

"తెలుసండీ. ఇవ్వను."

అప్పటికే నూకరాజు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అలారం కంటే ముందే ఆయనకి తెలిసింది, మెడ కింద చల్లగాలి కొట్టినట్టుందట.

"వెస్లీ సార్ చెప్పిందే కరెక్టండి మేడంగారూ. ఆ తాళం ముట్టుకోవద్దు," అన్నాడు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. "దానంతట అది ఆగేలోపు మనం పద్ధతిగా ఆపాలి. మామూలుగా అరగంట పడుద్ది. లోడు దించుతుంటే లోపల ఒత్తిడి తగ్గుద్ది, లీకూ తగ్గుద్ది. ముందు రీసైకిల్ వాల్వు తెరవండి. ఊరికే వేగం దించారనుకోండి, గ్యాసు వెనక్కి తన్నుద్ది."

మిషన్ని ఎలా ఆపాలో ఆయన చెబుతున్నాడు. ఆగాక ఆయన ఏమవుతాడో నేను చెప్పాలి. బతికున్న లయ కావాలి, అదొక్కటే తెలుసు. నా పరికరాల పెట్టెలోంచి అదురు పసిగట్టే పొర ఒకటి తీసి నా ఛాతీకే అంటించుకున్నాను. నూట ముప్ఫై ఆరు కొట్టుకుంటోంది. అది తీగలోకి పంపితే ఆయన ప్రాణం తీసినట్టే. వెస్లీది నూట పద్ధెనిమిది.

కబురందుకుని మంగతాయారు అప్పుడే లోపలికొచ్చింది. నేను మాట్లాడకుండా ఆవిడ జాకెట్టు అంచు కింద పొర అంటించాను. డెబ్బై ఆరు.

"ఏం చెయ్యాలండీ నేను?"

"ఆయన పక్కన కూర్చోవాలమ్మా. మిషన్ లయ తగ్గిస్తూ, దాని బదులు నీ గుండె లయ ఆయనకి పంపుతాను. నువ్వు కంగారు పడకూడదు."

"అంతేనాండీ," అంది. ఇరవై ఆరేళ్ళుగా పాతికమంది పిల్లల్ని ఒకే గదిలో నిద్రపుచ్చుతున్న మనిషి. కుర్చీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆయన కాలి మీద చెయ్యి వేసింది.

వెస్లీ రీసైకిల్ వాల్వు తెరిచాడు. గ్యాసు బయటికి పోకుండా మిషన్‌లోకే తిరిగి రావడం మొదలయింది. వేగం నూటికి తొంభైకి దించాడు. నేను తీగలో మిషన్ వాటా తొంభై, ఆవిడ వాటా పది చేశాను. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. గుండె ఒక తట్టు మింగి మళ్ళీ అందుకుంది.

లీకు అరవై ఎనిమిది.

ఎనభైకి దించారు. నేనూ ఎనభై చేశాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "రెండు మిషన్లు నడుస్తున్నట్టుందండీ. ఒకటి దూరంగా," అన్నాడు. లీకు డెబ్బై తొమ్మిది. ఇంకా పెరుగుతూనే ఉంది. వెస్లీ తొందరపడి ఒకేసారి అరవై అయిదుకి దించబోయాడు. నేల అదిరింది. గ్యాసు వెనక్కి తన్నింది. ఆ దెబ్బ నూకరాజు వీపులో తగిలి ఆయన విల్లులా వంగిపోయాడు. గుండె గీత పిచ్చిగా గెంతింది.

"దించకండి," అన్నాడు పళ్ళ బిగువున. "వాల్వు పూర్తిగా తెరుచుకోలేదు. సగంలో పట్టేసింది. చేత్తో తిప్పమనండి."

బయట ఇద్దరు పరిగెత్తి చక్రం తిప్పారు. అదురు తగ్గింది. నేను మంగతాయారు అంకె చూశాను. ఎనభై నాలుగు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వంగి వింటే ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టుకుంటోంది, పిల్లలకి చెప్పినట్టు, సాగదీసి. డెబ్బై తొమ్మిదికి వచ్చింది.

లీకు తొంభై ఒకటి దాకా వెళ్ళి ఆగింది. తర్వాత తొంభై. ఎనభై మూడు. వేగం యాభై, నలభై. మిషన్ వాటా ముప్ఫై, ఆవిడది డెబ్బై. లీకు యాభైకి దిగింది.

"ఇక్కడ ఆగాలి," అన్నాడు నూకరాజు. "ఆరు నిమిషాలు చల్లారనివ్వండి. వేడి మీద ఆపితే ఇరుసు వంగుద్ది."

ఆ ఆరు నిమిషాల్లో నేను వాటాలు మార్చేశాను. చివరి పది పాళ్ళు తీసేసినప్పుడు ఆయన మొహంలో ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు కనబడింది.

వెస్లీ మిషన్ ఆపాడు. హోరు సన్నబడి, మూలిగినట్టై, నిలిచిపోయింది. సీలుకి పంపే గ్యాసు, ఆయిల్ పంపు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఇరువైపులా వాల్వులు మూసి, లోపల మిగిలిన గ్యాసుని, దూరంగా కాల్చేసే మంట స్తంభానికి వదిలారు. స్టేషన్‌లో సముద్రం చప్పుడు వినబడటం నాకదే మొదటిసారి.

తెర మీద రెండు అంకెలు. ఆవిడది డెబ్బై ఎనిమిది. ఆయనది డెబ్బై ఎనిమిది. వెస్లీ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

మంగతాయారు తలెత్తి భర్తను చూసింది. ఊపిరి తీస్తున్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆవిడకి ఒక్కసారి పొంగింది. తొంభై, నూట పది, నూట ఇరవై. నూకరాజు ఛాతీ పట్టుకుని ముందుకి ఒరిగాడు. తెర మీద ఆయనదీ నూట ఇరవై.

ఆవిడ అది చూసింది. నేను చెప్పక్కర్లేకుండానే అర్థం చేసుకుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

రెండు అంకెలూ దిగాక, చిన్న గొంతుతో అడిగింది.

"మరి నాకేమన్నా అయితేనండీ?"

నేను ఆవిడ పొర అంచులు మళ్ళీ గట్టిగా నొక్కి అంటించాను.

ఆ తర్వాత పధ్నాలుగు నెలలు. మిషన్ మళ్ళీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు కాబట్టి, ఆయన్ని దాని లయకి తిరిగి అప్పగించలేదు. క్యారేజీ గిన్నె అంత పెట్టె ఒకటి తయారుచేశాను. అది ఆవిడ నడుముకి ఉండేది. ఆయన ముప్ఫై అడుగుల దూరం దాటకూడదు. తీగ బలాన్ని వారానికి నూటికి ఒకటిన్నర పాళ్ళకి కాస్త పైగా తగ్గించేవాళ్ళం. అంగన్‌వాడీలో ఆవిడ పాఠం చెబుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని పిల్లల చెప్పులు వరసలో పెట్టేవాడు. ఆవిడ మెట్లెక్కడం, పరిగెత్తడం మానేసింది. పిల్లాడెవడైనా కిందపడితే ముందు ఊపిరి పీల్చి, తర్వాత లేచేది. "పోట్లాడుకోడం కూడా మానేశామండీ," అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నవ్వుని కూడా మధ్యలో ఆపేసింది.

కంపెనీ వేరే స్టేషన్లలో ఇంకో పన్నెండు మందికి తీగ పెట్టడానికి ఏర్పాట్లు చేసుకుని ఉంది. జరిగిందంతా రాసిచ్చాను, చెరిపేసిన గీతలతో సహా. డెబ్బై రెండు బదులు వేరే అంకె పెడితే సరిపోతుందా అని ఒక పెద్దమనిషి ఫోన్ చేసి అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత ప్రయోగశాల మూసేశాను.

ఎనిమిదో నెలలో సామర్లకోటలో మంగతాయారు తల్లి చనిపోయింది. పెట్టె కోసం నేనూ వాళ్ళతో వెళ్ళాను. ఆవిడ తల్లి పక్కన కూర్చుని, చేతిని ఒళ్ళోకి తీసుకుని, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. చుట్టూ అక్కచెల్లెళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. నూకరాజు గుమ్మం పక్కన నిలబడి, భార్యని చూస్తూ, తన చెయ్యి తానే గిల్లుకుంటున్నాడు. నా చేతిలో తెర డెబ్బై ఎనిమిది దాటలేదు. కన్నతల్లి పోతే చుక్క కన్నీరు రాలేదని ఎవరో అన్నారు. ఆవిడకి వినబడింది. తెర మీద ఎనభై. మళ్ళీ డెబ్బై ఎనిమిది.

చివరి వారం తీగ బలం సున్నా దగ్గరికి వచ్చింది. ముస్తాక్ గారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. పెట్టె ఆపేశాను. నిమిషం చూశాం. పది నిమిషాలు. గంట. ఆయనది అరవై తొమ్మిది, ఆవిడది ఎనభై ఒకటి. ఆ రెండు అంకెలు వేరుగా ఉండటం పధ్నాలుగు నెలల్లో అదే మొదలు. ముస్తాక్ గారు ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, నా వైపు తల ఊపారు.

"మొత్తం ఆగిపోయిందాండీ?" అని అడిగింది మంగతాయారు.

"ఆగిపోయిందమ్మా."

"ఇక నాకెలాగున్నా ఆయనకేం కాదు కదండీ?"

"ఏం కాదు."

ఆవిడ నడుముకున్న పెట్టె విప్పి బల్ల మీద పెట్టింది. గోడకి ఆనుకుని కూర్చుంది. అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది. "అమ్మా" అని ఒక్క పిలుపు పిలిచి, వీధి చివరికి వినబడేలా ఏడవడం మొదలుపెట్టింది.

నూకరాజు నెమ్మదిగా వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ తల తన భుజం మీదికి తీసుకున్నాడు. తెర మీద ఆయన అంకె కదిలింది. ఎనభై, తొంభై, నూట నాలుగు. నేను గబుక్కున పెట్టె మీద చెయ్యి వేశాను. పెట్టె ఆగే ఉంది. ముస్తాక్ గారు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీశారు.

అది ఆయన సొంత గుండె.